బుడ్డి నుండి సిరంజిలోనికి

సూదిమందు అనగానే మన కన్నులకు గట్టునది సూది చర్మములో దిగు క్షణము. పిల్లవాడు ఏడ్చుట అప్పుడే గనుక మన భయమంతయు అచటనే నిలిచిపోయినది. కాని సూదిమందు వలన కలిగిన ఘోరములలో కొన్ని అంతకు ముందే, రోగి చూడని మూలబల్లపై, బుడ్డిలోని మందు సిరంజిలోనికి చేరు వేళ జరిగిపోయినవి. ఆ చిన్న ప్రయాణమును గూర్చియు, దానిని నిరపాయముగా నడపుటకు ఏర్పడిన సాధనములను గూర్చియు ఈ వ్యాసమున వివరింపదలచితిమి. రేపు నర్సింగులోనో, ఫార్మసీలోనో చేరదలచిన విద్యార్థులకు ఇది వృత్తికి సంబంధించిన విషయము. తక్కినవారు కూడ ఎన్నడో ఒకనాడు ఆసుపత్రి మంచము ప్రక్కన నిలువక తప్పదు.

మొదట రెండు ఉదంతములను చెప్పుదుము. దక్షిణ సూడాన్ దేశమున 2017 మే నెలలో తట్టు టీకాలు వేయుచుండగా, కపోయెటా ప్రాంతమందలి ఒక గ్రామమున ఐదేండ్ల లోపు పిల్లలు 15 మంది మరణించిరి. విచారణలో టీకా తయారీయందు దోషమేమియు కనబడలేదు. టీకా పొడిని ద్రవముతో కలుపుటకు వాడిన సిరంజి నాలుగు దినములు ఒక్కటే. ఆ నాలుగు దినములు టీకాబుడ్లు చలువలో లేవు. మొదటి బుడ్డిలో చేరిన సూక్ష్మజీవులను ఆ సిరంజియే తక్కిన బుడ్లకు మోసుకొనిపోయినది. ఇక సిరియాలోని ఇద్లిబ్ ప్రాంతమున 2014 సెప్టెంబరులో కనీసము 15 మంది పసిపిల్లలు తట్టు టీకా పొందిన కొద్దిసేపటికే కన్నుమూసిరి. అచట పొడిని కరగించు ద్రవమునకు మారుగా, శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకు వాడు అట్రాక్యూరియమ్ అను మందును కలిపిరి. రెండు చోట్లను టీకా మంచిదే, వేసిన చేతులు మంచి తలంపుతో వేసినవే. తప్పు జరిగినది బుడ్డికిని సిరంజికిని నడుమ.

సిరంజి ఆధునిక కాలపు వస్తువని తలచువారికి చరిత్ర వేరొక కథ చెప్పును. అందలూసియాలోని కొర్దోబా వైద్యుడు అబుల్ ఖాసిమ్ అల్-జహ్రావీ వెయ్యేండ్ల క్రిందటనే తన 'అల్-తస్రీఫ్' గ్రంథములో మూత్రాశయమును కడుగు పిచికారిని వర్ణించెను. అతని సమకాలికుడును, మోసుల్‌లో పుట్టి ఈజిప్టులో వైద్యము చేసిన అమ్మార్ బిన్ అలీ కంటిపొరను పీల్చివేయుటకు బోలుసూదిని వాడెను. ఉర్దూ సోదరులు సిరంజిని పిచ్‌కారీ అందురు. మన రైతు పొలమున పురుగుమందు కొట్టుటకు వాడు 'పిచికారి' ఆ మాటయే. చర్మము క్రిందికి మందు పంపు సిరంజిని మాత్రము 1853లో ఫ్రాన్సులో ప్రవాజ్, స్కాట్లాండులో అలెగ్జాండర్ వుడ్ వేర్వేరుగా వాడుకలోనికి తెచ్చిరి. మందును శుద్ధముగా నిలువయుంచు గాజు ఆంపూలును 1886లో ఫ్రెంచి ఔషధకారుడు స్తానిస్లాస్ లిమూజిన్ కల్పించెను. పంతొమ్మిదవ శతాబ్ది తుదలో పారిస్ నగరపు పనిముట్ల వర్తకుడు లూయర్ పేరిట పూర్తి గాజు సిరంజి వచ్చినది. దాని కొనయందలి శంఖాకారపు మూతికి నూటికి ఆరు వంతుల వాలు, అనగా 100 మిల్లీమీటర్ల పొడవునకు 6 మిల్లీమీటర్ల వ్యాసము తగ్గును. ఆ వాలు వలన సూది తొడిగి కొంచెము త్రిప్పినంతనే రాపిడితో బిగిసిపోవును. నేటికిని లోకమంతట సిరంజుల మూతి ఆ కొలతలోనే ఉన్నది. ఇది ఎంత సౌకర్యమో అంత చిక్కు తెచ్చినది. దానిని తరువాత చెప్పుదుము.

ఇప్పుడు బుడ్డిని చూతము. రబ్బరు బిరడాతో, అల్యూమినియం కట్టుతో మూసిన గాజుబుడ్డి గాలి చొరరాని గది వంటిది. దానినుండి ఒక మిల్లీలీటరు ద్రవమును లాగినచో ఆ మేర లోపల గాలి పలుచబడి ఒత్తిడి తగ్గును. లాగిన మందు తిరిగి బుడ్డిలోనికే పోజూచును. అందుచేత ముందుగా తగినంత గాలిని లోపలికి పంపవలెనని నేర్పుదురు. ఎక్కువ పంపినచో వేరొక కీడు. ఇంటర్మీడియెటు విద్యార్థి చదువు బాయిల్ సూత్రము ఇచట ప్రత్యక్షముగా పని చేయును. మొత్తము 20 మిల్లీలీటర్లు పట్టు బుడ్డిలో కొద్దిపాటి పొడి మాత్రమే ఉన్నదనుకొందము. అందులోనికి 10 మిల్లీలీటర్ల నీటిని నెట్టి గాలిని వెలికి రానీయనిచో, ఇరువది పాళ్ల గాలి పది పాళ్ల చోటులో ఇరుకుకొనును, ఒత్తిడి రెట్టింపగును. అప్పుడు సూదిని పైకి లాగినంతనే రంధ్రము గుండ మందు తుంపరలై చిమ్మును. పెన్సిలిన్ అయినచో కలుపుచున్నవారి చర్మము మీదను, కన్నులలోను పడును. క్యాన్సరు మందు అయినచో వారి శరీరమునకే అపాయము.

మరికొన్ని చిన్న విషయములు కలవు. వానిని చిన్నవని విడుచుటయే పొరపాటు. లావు సూదిని నిట్టనిలువుగా గుచ్చినప్పుడు అది బిరడా నుండి రబ్బరు ముక్కను తొలుచుకొనిపోవచ్చును. ఆంపూలు మెడ విరిచినప్పుడు కంటికి కానరాని గాజు రేణువులు మందులో పడును. దీనికై 5 మైక్రానుల జల్లెడ గల సూదులున్నవి. ఆ సూదితో లాగి, దానిని మార్చి వేరొక సూదితో రోగికి ఇయ్యవలెను. మార్చక అదే సూదితో ఇచ్చినచో పట్టిన రేణువులే తిరిగి రోగిలోనికి పోవును. ఇక మన ప్రాంతములో ఎల్లరు చూచియుండు దృశ్యములు రెండు. మాటిమాటికి గుచ్చు శ్రమ తప్పునని పెద్ద బుడ్డి బిరడాలో సూదిని గుచ్చి విడిచివేయుట ఒకటి. సెలైను ప్లాస్టిక్ సీసా అడుగుననో ప్రక్కననో సూదితో పొడిచి గాలికి దారి చేయుట రెండవది. రెండింటను మూసిన పాత్రకు తెరచిన తలుపు పెట్టుటయే జరుగుచున్నది. వార్డు గాలిలోని దుమ్ము, సూక్ష్మజీవులు అడ్డు లేక లోపలికి పోవును.

సూది గుచ్చుకొనుట వేరు సంగతి. హెపటైటిస్-బి ఉన్న రోగి రక్తము సోకిన సూది, టీకా పొందని సిబ్బందికి గుచ్చుకొన్నచో నూటికి ముప్పది మంది వరకు వ్యాధి సోకవచ్చును. హెపటైటిస్-సి విషయమున నూటికి ఇద్దరు ముగ్గురు, హెచ్.ఐ.వి. విషయమున వేయికి ముగ్గురు. వీనిలో మొదటిదానికి టీకా ఉన్నది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని స్వదేశములో తయారుచేసి అందుబాటులోనికి తెచ్చినది. సూది పట్టు ప్రతివాడును ముందు తానే ఆ టీకా పొందియుండవలెను.

ఇదంతయు పెద్ద నగరముల మాట కాదు. మన ఆత్మకూరు నల్లమల అంచున ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలో, ఆ పిమ్మట నంద్యాల జిల్లాలో చేరిన ఈ పట్టణమునకు ఒక వైపు బైర్లూటి, నాగలూటి చెంచుగూడెములు, వేరొక వైపు వెలుగోడు నీటి క్రింది పొలములు. అడవియు పొలమును కలియు చోట పాముకాటు తప్పదు. దేశవ్యాప్తముగా జరిగిన మరణముల అధ్యయనమొకటి 2011లో వెలువడినది. దాని అంచనా ప్రకారము భారతదేశమున ఏటా పాముకాటున మరణించువారు సుమారు 46,000 మంది. వారిలో అవిభక్త ఆంధ్రప్రదేశ్ వాటా 6,200. ఉత్తరప్రదేశ్ తరువాత రెండవ స్థానము మనదే.

పాముకాటునకు విరుగుడు ఎక్కువగా పొడి రూపమున బుడ్డిలో వచ్చును. ద్రవరూపమునకు ఎల్లప్పుడు 2 నుండి 8 డిగ్రీల చలువ కావలెను. పొడికి అంతటి పట్టింపు లేదు గనుక మన వంటి ఎండ ప్రాంతమునకు, కరెంటు నిలుకడ లేని చోట్లకు అదియే తగినది. ఒక్కొక్క బుడ్డిని 10 మిల్లీలీటర్ల శుద్ధజలముతో కరగింపవలెను. అట్లు కరగిన మందు ఒక్క మిల్లీలీటరు నాగుపాము విషమును గాని రక్తపింజరి విషమును గాని 0.6 మిల్లీగ్రాములు, కట్లపాము విషమును గాని చిన్నపింజరి విషమును గాని 0.45 మిల్లీగ్రాములు విరుచును. మొదటి మోతాదు ఎనిమిది నుండి పది బుడ్లు. పిల్లలకైనను అంతే, పాము మనిషి వయస్సు చూచి విషము తగ్గింపదు గదా!

ఇప్పుడు లెక్క వేయుదము. పది బుడ్లు. ఒక్కొక్కదానికి జలమును లాగుట, బుడ్డిలోనికి నెట్టుట, కరగిన మందును తిరిగి లాగుట, సెలైను సీసాలోనికి పంపుట. అనగా సూది నలుబది మార్లు ఏదో ఒక పాత్రలో దూరి వెలువడవలెను. జలము ఆంపూళ్లలో వచ్చినచో పది గాజు మెడలు విరువవలెను. కరగని పొడిని చూచి తొందరపడి బుడ్డిని గట్టిగా కుదుపరాదు. కుదిపినచో నురుగు పుట్టును, మందులోని ప్రోటీను చెడును. బుడ్డిని అరచేతుల నడుమ మెల్లగా దొరలించుటయే పద్ధతి. ఇవన్నియు రాత్రివేళ, ఒక్క నర్సు, బయట ఏడ్చుచున్న బంధువులు, కనురెప్పలు వాలిపోవుచున్న రోగి నడుమ జరుగవలెను. నలుబది మార్లలో ఒకమారైనను చేయి తడబడదని ఎవరు పూచీ పడగలరు? జాగ్రత్తగా ఉండుడని గోడకు వ్రాసి అంటించుట తేలిక. చేయి తడబడినను కీడు కలుగని పనిముట్టును చేతికిచ్చుట అంతకన్న మేలని మా అభిప్రాయము.

అట్టి పనిముట్లలో సరళమైనది బుడ్డికి తొడుగు ప్లాస్టిక్ అడాప్టరు. బుడ్ల మూతులు చాల వరకు రెండు కొలతలలో ఉండును, 13 మిల్లీమీటర్లు, 20 మిల్లీమీటర్లు. అడాప్టరు అంచులు ఆ మూతిపై టక్కున పట్టుకొనును. దాని నడుమనున్న ప్లాస్టిక్ ములుకు బిరడాను ఒక్కసారి చీల్చుకొని దిగును. పైభాగమున సిరంజి మూతిని త్రిప్పి బిగింపవచ్చును. ఇక సూదితో పని లేదు. గుచ్చుకొనునది లేదు, మాటిమాటికి బిరడాను పొడుచుట లేదు. కొన్ని అడాప్టర్లలో ప్రక్కన చిన్న గాలిదారి ఉండును. దానికి 0.2 మైక్రానుల జల్లెడ. గాలి పోవును, నీరు పోదు, సుమారు ఒక మైక్రాను పరిమాణము గల స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవి దాటలేదు. ఒత్తిడి హెచ్చుతగ్గులు తమంత తామే సరిపడును. ముందుగా గాలి నెట్టు లెక్కలు కూడ అక్కరలేదు. ఆంపూలుకు మాత్రము అడాప్టరు పనికిరాదు. దానికి మొద్దు కొన గల, జల్లెడ అమర్చిన సూదియే శరణ్యము. జలము కూడ బుడ్డిలోనే వచ్చినచో రెండు కొనల ములుకుతో బుడ్డిని బుడ్డికి ఎదురుగా అమర్చి, నడుమ సిరంజి లేకయే కలుపవచ్చును.

దీనికన్న కట్టుదిట్టమైనవి పూర్తిగా మూసిన పద్ధతి సాధనములు. వీని పుట్టుకకు కారణము రోగి కాదు, నర్సు. ఫిన్లాండు పరిశోధకులు 1979లో ఒక సంగతి ప్రకటించిరి. క్యాన్సరు మందులు కలుపుచుండు నర్సుల మూత్రమున, జన్యువులను మార్పుచేయు గుణము గల పదార్థములు కనబడినవట. రోగికి ప్రాణము పోయు మందు దానిని కలిపిన చేతికి విషమగుచున్నదని అప్పుడు తెలిసినది. అమెరికా ప్రభుత్వపు వృత్త్యారోగ్య పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన హెచ్చరికలో ఈ సాధనమునకు లక్షణము చెప్పినది. బయటి కల్మషము లోనికి పోరాదు, లోపలి మందు గాని దాని ఆవిరి గాని బయటికి రారాదు. ఈ రెండును యంత్రనిర్మాణము చేతనే జరుగవలెను. స్వీడనులో రూపొందిన ఫాసీల్ ఈ జాతిలో తొలివానిలో ఒకటి. బుడ్డివైపు ఒక పొర, సిరంజివైపు ఒక పొర ఉండును. రెండును ఒకదానికొకటి అదుముకొనిన పిమ్మటనే నడుమ సూది దూరును. విడదీయునప్పుడు పొరలే సూదిని తుడిచివేయును. లోపలినుండి వచ్చు గాలిని ఒక చిన్న సంచి ఉబ్బి పట్టియుంచును. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన క్యాన్సరు ఆసుపత్రి వంటి చోట దినమెల్ల ఈ మందులు కలుపువారికి ఇట్టి రక్షణ న్యాయమైన హక్కు. మన ఊరి ఆసుపత్రికి దీనిని కొనిపెట్టుమనుట మాత్రము అనవసర వ్యయము. ఖరీదైనదే మేలైనదను భ్రమ వైద్యములోను కలదు.

లూయర్ మూతి తెచ్చిన చిక్కును తరువాత చెప్పుదుమంటిమి. అన్ని సిరంజులును అన్ని గొట్టములకును అమరుటయే ఆ చిక్కు. నరములో ఎక్కింపవలసిన విన్‌క్రిస్టిన్ అను క్యాన్సరు మందును పొరపాటున వెన్నుపూసలలోనికి ఎక్కించి రోగులను పోగొట్టుకొనిన ఘటనలు పలు దేశములలో జరిగినవి. అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఆ మందును సిరంజిలో ఉంచక చిన్న సెలైను సంచిలో కలిపియే ఇయ్యవలెనని హెచ్చరించినది. సంచిని ఎవరును వెన్నునకు తగిలింపరు. వెన్ను మందులకు లూయర్ కంటె ఐదవ వంతు సన్నని వేరు మూతిని నిర్ణయించు అంతర్జాతీయ ప్రమాణము 2016లో వెలువడినది. తాళమునకు తగని చెవి దూరనట్లే, తప్పు సిరంజి అచట అమరదు.

టీకాల విషయమున మన రాష్ట్రము కొంత ముందుగానే మేల్కొన్నదని చెప్పుటకు సంతోషించుచున్నాము. ఒకసారి నొక్కిన పిమ్మట బిగిసిపోయి మరల పనికిరాని ఏ.డి. సిరంజులనే 2003 చివరికెల్ల టీకాలకు వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ మున్నగు సంస్థలు 1999లో పిలుపునిచ్చినవి. అవిభక్త ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2000 తరువాతి ఏండ్లలో 'పాత్' అను సంస్థతో కలసి, హెపటైటిస్-బి టీకాతో పాటు ఈ సిరంజులను గూడ ప్రవేశపెట్టినది. దేశమంతట ఇవి వ్యాపించినది 2005 తరువాత. అయితే ఇచట ఒక మెలిక కలదు. ఏ.డి. సిరంజి రోగికి వేయుటకే గాని పొడిని కలుపుటకు కాదు. కలుపుటకు వేరు సిరంజి కావలెను. అది మామూలు సిరంజి అయినచో ఎన్ని మార్లైనను వాడవచ్చును. దక్షిణ సూడానులో జరిగినది అదియే. వేసెడి సిరంజికి తాళము వేసి కలిపెడి సిరంజిని తెరచియుంచుట ముందు తలుపు మూసి దొడ్డితలుపు విడుచుట వంటిది. కలుపు సిరంజి కూడ బుడ్డికొకటి చొప్పున, తిరిగి వాడరానిదిగా ఉండవలెను.

తెరచిన బుడ్డి ఎంతకాలము ఉండవచ్చును? ధనుర్వాతము, పెంటావాలెంటు, హెపటైటిస్-బి టీకాల బుడ్లను, చలువలో ఉంచి తేదీ వ్రాసినచో, 28 దినముల వరకు వాడవచ్చునని మన దేశపు నియమము. తట్టు-రుబెల్లా, బి.సి.జి. టీకాలను మాత్రము కలిపిన నాలుగు గంటలలోపు పారవేయవలెను. వీనిలో సూక్ష్మజీవులను అణచు పదార్థము లేదు.

సిరంజి కొనలో మిగిలిపోవు బొట్టును గూర్చి ఒక మాట. సూది విడిగా తొడుగు మామూలు సిరంజిలో, పూర్తిగా నొక్కిన తరువాత గూడ మిల్లీలీటరులో ఏడెనిమిది వందవ వంతులు నిలిచిపోవచ్చును. మామూలు మందునకు ఇది లెక్కలోనిది కాదు. కుక్కకాటునకు చర్మములో ఇచ్చు టీకా మోతాదు ఒక్కొక్క చోట 0.1 మిల్లీలీటరు మాత్రమే గనుక, ఆ మిగిలిన బొట్టు దాదాపు ఇంకొక మోతాదు. అందుకే దానికి సూది అతికియుండు ఇన్సులిన్ సిరంజిని వాడుదురు. 2021లో కోవిడ్ టీకాలు వేయునప్పుడు కేరళ నర్సులు తమకు అందిన 73 లక్షల పైచిలుకు మోతాదులనుండి 74 లక్షలకు పైగా వేయగలిగిరి. బుడ్లలో అదనముగా నింపియుంచు ద్రవమును చుక్క పోనీయక తీసినందుననే అది సాధ్యమైనది.

మన ఊరికి మొదట కావలసినదేమని మమ్ము అడిగినచో, విరుగుడు బుడ్లతో పాటు పది అడాప్టర్లను, జల్లెడ సూదులను, ఒక పొడి గాజు గొట్టమును ఒకే పెట్టెలో ఉంచవలెనందుము. గాజు గొట్టమెందుకనగా, పింజరి కాటులో రక్తము గడ్డకట్టునో లేదో చూచు ఇరువది నిమిషముల పరీక్ష గాజులోనే సరిగా వచ్చును. ప్లాస్టిక్ గొట్టములోను, సబ్బుతో కడిగి సబ్బు మిగిలిన గొట్టములోను తప్పు చూపును. ప్రతిచర్య కలిగినచో వెంటనే ఇచ్చుటకు అడ్రినలిన్ కూడ ఆ పెట్టెలోనే, కాని వేరు అరలో, పెద్ద అక్షరముల చీటీతో ఉండవలెను. ఇద్లిబ్‌లో ఒకే ఫ్రిజ్జులో ఒకే పోలిక గల బుడ్లు ఉండుటయే కొంప ముంచినది.

ఈ విషయమును మన ప్రయోగశాలలోనే అధ్యాపకుల సమక్షమున పరీక్షించి చూడవచ్చును. కళాశాల కమిటీవారు కొద్దిపాటి సొమ్ము మంజూరు చేసినచో చాలును. ఏ మందును పట్టని క్రొత్త రబ్బరు బిరడా బుడ్డిలో పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటిని సగము నింపుడు. బల్లపై తెల్లకాగితమును పరచుడు. కంటి అద్దములు ధరించి, సిరంజితో అయిదు మిల్లీలీటర్ల గాలిని అదనముగా లోనికి నెట్టి, సూదిని ఒక్కమారుగా లాగుడు. కాగితముపై పడిన ఊదారంగు చుక్కలను లెక్కించి వ్రాసికొనుడు. పిదప అదే పనిని గాలిదారి గల అడాప్టరుతో చేసి, రెండవ కాగితమును మొదటిదాని ప్రక్కన పెట్టి చూడుడు.